నా నోరు జారిన సినిమా

తెర మీద తండ్రిని తూస్తున్నారు. మాంసం కొట్లో గొర్రెను వేలాడదీసే కొక్కేనికి కుర్చీ కట్టి, ఒంటి మీద నూలుపోగు లేకుండా ఆయన్ని అందులో కూర్చోబెట్టి తూస్తున్నారు. నిన్నటికంటే రెండు వందల గ్రాములు తగ్గాడని పెద్దకూతురు పలక మీద రాసింది. తగ్గినంత బరువూ ఇంట్లో ఎవరో ఒకరు తిని పూడ్చాలట, అందుకని చిన్నకొడుకు ఏడుస్తూ పచ్చి ఉల్లిపాయ నములుతున్నాడు. హాల్లో ఎవరూ నవ్వడం లేదు. నవ్వాలో కూడదో ఎవరికీ అంతుపట్టడం లేదు, నాకూ అంతుపట్టడం లేదు, ఇది తీసిన మూడు వారాలూ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, అప్పుడూ అంతుపట్టలేదు. నా కుడిపక్కన ఉరానియా అమ్మగారు చేతికర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని చర్చిలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు. ఎనభై రెండేళ్ళ మనిషి, పోయిన నోటరీగారి భార్య, ఆదివారం పూట సినిమాకని బొచ్చుకోటు వేసుకుని, ముత్యాలు పెట్టుకుని వచ్చారు. ఆవిడ చూస్తున్నది ఆ ముసలి దిసమొలని కాదు, దాని వెనకున్న సోఫాని. ఆ ఆకుపచ్చ ముఖమలు సోఫా అమ్మగారిది, ఆ గోడలు అమ్మగారివి, ఆ షాండ్లియరు అమ్మగారిది. ఇంకాసేపట్లో, అంటే ఆ గోడగడియారంలో నాలుగైనట్టు చూపించాక, చేతిలో తుడుపుకర్రతో లోపలికి వచ్చే పనిమనిషి కూడా అమ్మగారిదే. అది నేను. నేను లోపలికి వస్తే ఫరవాలేదు. లోపలికి వచ్చి నోరు విప్పుతానా విప్పనా అన్నదే నా ప్రాణం తీస్తోంది.

ఎడమపక్కన మా ఆయన స్కెందర్ అప్పుడే రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఆయన సున్నం పని చేస్తాడు, ఏ సినిమా చూసినా ముందు గోడలే చూస్తాడు. "ఆ మూల పగులు నేను పూడ్చిందే," అని చెవిలో అన్నాడు, ఊరుకోమన్నాను. గ్రీకులో అన్నాడు కనుక సరిపోయింది. బయట మేము గ్రీకులోనే మాట్లాడుకుంటాం, గుసగుసలైనా సరే. బయట ఆయన సోతిరిస్, నేను దిమిత్రా. ఇంటికి వెళ్ళి తలుపు గడియ పెట్టాక ఆయన స్కెందర్ అవుతాడు, నేను ద్రితా అవుతాను, చెప్పులు విప్పినంత హాయిగా ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే నడుస్తోంది.

ఈ గొడవంతా ఏథెన్సు నడిబొడ్డున ఒమోనియాలో ఒక మేడ మీది గదిలో మొదలైంది. నేను అల్బేనియాలోని ఎల్బసాన్ నుంచి వచ్చి పదకొండు రోజులైంది. ఇళ్ళల్లో పని ఇప్పించే ఆవిడ బల్ల అవతల సిగరెట్టు కాలుస్తూ పేరేమిటని అడిగింది. ద్రితా అన్నాను. కాదు, దిమిత్రా, అంది. ఊరు? ఎల్బసాన్. కాదు, ఉత్తర ఎపిరస్, అంది. నాకు గ్రీకు పదాలు అప్పటికి నలభై వచ్చు, అందులో సగం కూరగాయల పేర్లు, అయినా నాకర్థమైంది. సరిహద్దుకి అవతల చిక్కుకుపోయిన గ్రీకు బిడ్డనని చెబితే అమ్మగార్లు జాలిపడి ఇంటి తాళం చేతికిస్తారు, ఉట్టి అల్బేనియా మనిషినంటే వెండి చెంచాలు దాచుకుంటారు. ఆ రోజుల్లో టీవీలో ఏ దొంగతనం చెప్పినా చివర మా దేశం పేరే ఉండేది, గుమ్మడికాయల దొంగ అనకముందే మేం భుజాలు తడుముకునేవాళ్ళం. సరేనన్నాను. సాయంత్రానికి కిప్సెలి పేటలో అమ్మగారి ఇంట్లో ఉన్నాను. ఒక్క ముక్క అబద్ధం చెప్పి ఊరుకుంటే బాగుండేది, కానీ అబద్ధం పిల్లిలాంటిది, ఊరికే ఉండదు, పిల్లల్ని పెడుతుంది. అక్టోబరు ఇరవై ఆరున సెయింట్ దిమిత్రిస్ పండగ, ఆ పేరున్న వాళ్ళందరికీ శుభాకాంక్షలు చెప్పే రోజు. ప్రతి ఏడూ ఆ రోజు అమ్మగారు నాకొక నైటీ కొనిస్తారు. మా నాన్న మసీదు గుమ్మం తొక్కినా తొక్కకపోయినా తురకవాడే. నాకు సంబంధం లేని దేవుడి పేరున నా బీరువాలో ఇరవై ఎనిమిది నైటీలున్నాయి, పైవి నాలుగూ ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

తెర మీద ఇప్పుడు పెద్దకూతురు బీరువా తలుపు తీసింది, లోపల లాంబ్రిని నిలబడి ఉంది. నా వెనక వరసలో కూర్చున్న అసలు లాంబ్రిని ముందుకు వంగి, "అక్కా, నా ముక్కు చూడు, ఆ లైటుకి పనసకాయలా లేదూ?" అంది. లాంబ్రిని మగపిల్లవాడిగా పుట్టి, ఇరవయ్యో ఏట ఆడపిల్లగా ఊపిరి పీల్చుకున్న మనిషి, పిరేయస్ రేవులో పాటలు పాడుతుంది, గొంతు విప్పితే గ్లాసులు కదులుతాయి. ఈ సినిమాలో ఆమెకు పాటలేదు, మాట లేదు. పద్నాలుగు నిమిషాలు బీరువాలో నిలబడాలి, అంతే. ఎందుకని అడిగితే డైరెక్టరు ఫివోస్, "నువ్వు నిజానివి," అన్నాడట. వంటింట్లో కాఫీ తాగుతూ నాతో చెప్పుకుని ఏడ్చినంత పని చేసింది. "ఎప్పుడు చూడు నన్ను నిజమంటారు, లేకపోతే మృత్యువంటారు, పోయినసారి నాటకంలో యూరప్ అన్నారు. ఒక్కసారైనా రొట్టెల కొట్లో అమ్మాయి వేషం ఇవ్వరక్కా! 'రెండు రొట్టెలా, మూడా?' అని అడిగి లోపలికి పోయే వేషం. నాకేం, మృత్యువులాంటి ముఖముందా?" చక్రాల కుర్చీలో వచ్చే స్తమాతిస్‌కి కూడా అదే తంటా. పొద్దున పన్నుల లెక్కలు చూసుకునే పెద్దమనిషి, సరదాకి నటిస్తాడు. అతణ్ణి "కదలలేని గ్రీసు" అన్నాడు ఫివోస్. "కదలలేకపోవడమేంటి? మీ మెట్రో లిఫ్టు పాడైతే పాతిక మెట్లు చేతులతో ఎక్కి వచ్చాను," అన్నాడు స్తమాతిస్. ఫివోస్‌కి అది కూడా ఎంతో నచ్చింది, పుస్తకంలో రాసుకున్నాడు, కానీ వేషం మార్చలేదు.

అసలు నేను ఇందులోకి ఎలా వచ్చిపడ్డానంటే, ఒక గడి మిగిలిపోయి. వాళ్ళకి డబ్బిచ్చే యూరప్ సంస్థ ఒకటి ఉంది, దానికొక కాగితం నింపాలి, సినిమాలో అన్నిరకాల మనుషులూ ఉన్నారా అని గడులుంటాయి. ఇల్లు అద్దెకు మాట్లాడడానికి వచ్చిన రోజు నిర్మాత మెల్పో ఆ కాగితాన్ని అమ్మగారి భోజనబల్ల మీద పరిచి, పెన్నుతో ఒక్కొక్క గడీ కొట్టుకుంటూ వచ్చింది. లాంబ్రిని అయింది, స్తమాతిస్ అయ్యాడు, డెబ్బై దాటిన మామ్మ అయింది. "వలస వచ్చినవాళ్ళు," అని ఆగింది. నేను అప్పుడే కాఫీ పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాను. మెల్పో, ఫివోస్, అమ్మగారు, ముగ్గురూ తలెత్తి నావైపు చూశారు. ఆ చూపు నేనెరుగుదును, బజారులో పుచ్చకాయ మీద వేసే చూపు. "మీరు వలస వచ్చారా అమ్మా?" అని మెల్పో ఎంతో మర్యాదగా అడిగింది. నా ముందు అమ్మగారు, నా చేతిలో కాఫీ పళ్ళెం. ఏం చెప్పను? "లేదండీ, నేను ఉత్తర ఎపిరస్ గ్రీకుని," అన్నాను. "మా దిమిత్రా అచ్చమైన గ్రీకు," అని అమ్మగారు నా భుజం తట్టారు. మెల్పో ముఖం మాడిపోయింది. అప్పుడు ఫివోస్ లేచి, నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఫరవాలేదు. ముఖం చాలు. అల్బేనియా మనిషిలాగే ఉంది," అన్నాడు. అమ్మగారికి కోపమొచ్చింది, నా తరఫున. "ఎక్కడుంది? ఆ ముక్కు చూడండి, ఎంత గ్రీకు ముక్కో!" అన్నారు. నా ముక్కు మీద ఇద్దరూ పది నిమిషాలు వాదులాడుకున్నారు. పళ్ళెంలో కాఫీ చల్లారిపోయింది. ఆ విధంగా, అల్బేనియా ఆడదాన్నైన నేను, గ్రీకుదాన్నని చెప్పుకుంటూ, అల్బేనియా ఆడదానిగా నటించడానికి ఒప్పుకున్నాను. ఆ రాత్రి చెబితే స్కెందర్ మంచం మీద నుంచి కిందపడేటంత నవ్వి, నవ్వి, తరవాత లేచి కూర్చుని, "ముసలావిడకి తెలిస్తే?" అన్నాడు.

తెలియకుండా ఉండడానికి అదృష్టం కొంత కలిసొచ్చింది. షూటింగు మూడు వారాలూ అమ్మగారిని ఏయినా దీవిలో ఆవిడ మేనకోడలింటికి పంపించేశారు. వెళ్తూ వెళ్తూ నా చేతులు పట్టుకుని, "సోఫా జాగ్రత్త, దిమిత్రా. స్మిర్నా తగలబడినప్పుడు మా నాయనమ్మ పియానో పోయింది, ఇక ఈ వంశానికి మిగిలింది ఆ సోఫా ఒక్కటే," అన్నారు. టర్కీ తీరంలో గొప్పింటి గ్రీకులుండే ఊరు స్మిర్నా, వందేళ్ళ కిందట అది తగలబడితే అంతా పడవలెక్కి పారిపోయొచ్చారు, ఆ పియానో సంగతి నేను వెయ్యిసార్లు విన్నాను. మొదట్లో అది చిన్న పియానో, నాయనమ్మ రేవులో వదిలేసి పడవెక్కింది. తరవాతి ఏళ్ళలో అది పెద్దదైంది, దానికి దంతపు మెట్లు వచ్చాయి, ఎవరో ఫ్రెంచి నౌకాధికారి దాన్ని కాపాడబోయి నీళ్ళలో పడ్డాడు కూడా. నేను ప్రతిసారీ అయ్యో అన్నాను. అమ్మగారి నోట ఆ మాట వింటుంటే సముద్రం అడుగున ఆ పియానో మీద చేపలు తిరుగుతున్నట్టు కనిపించేది. అంత గొప్ప ఇంటి మనిషికి నాలాంటిది ఎదురుగా కూర్చుని అబద్ధం చెబుతోందే అని మనసు పీకేది. అయినా పని మనిషికి మనసు పీకడమూ నడుం పీకడమూ ఒకటే, కాస్త పడుకుంటే తగ్గుతుంది.

ఇక పెరుగు. తండ్రి బరువు పెంచాలని కుటుంబమంతా కలిసి ఒంటినిండా పెరుగు పూసి, ఆరనిచ్చి తూచే దృశ్యం ఒకటుంది. నలభై కిలోల పెరుగు తెప్పించారు. మా ఊళ్ళో పెళ్ళికి కూడా అంత పెరుగు రాదు. సోఫా మీద నేను ముందే మూడు దుప్పట్లూ, వాటి కింద ప్లాస్టిక్కూ పరిచాను, ఫివోస్ వచ్చి అన్నీ లాగేశాడు, ముఖమలు కనిపించాలన్నాడు. ఇదంతా దేశం దివాలా తీసిన రోజుల గురించి, మా అందరి తండ్రుల గురించి అని చెప్పాడు. ఉండచ్చు. నాకు మాత్రం చంద్రాకారంలో పరుచుకుంటున్న పెరుగూ, ముఖమలు పోగుల్లోకి ఇంకుతున్న పెరుగూ కనిపించాయి. తండ్రి వేషం వేసింది పాంతెలిస్‌గారు, పెద్ద రంగస్థల నటుడు, అరవై మూడేళ్ళవాడు, మంచివాడు, జనవరి చలిలో చలువరాతి నేల మీద ఒట్టి ఒంటితో నిలబడి పళ్ళు టకటకలాడిస్తున్నాడు. నేను చెయ్యాల్సిందల్లా పక్కనుంచి తుడుచుకుంటూ పోవడం. కెమెరా వైపు చూడకూడదు, ఆయన వైపు చూడకూడదు. "మీరు అన్నీ చూసే మనిషి, కానీ ఏదీ చూడని మనిషి," అన్నాడు ఫివోస్. ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్న పనే కదా అనుకున్నాను. తుడుస్తున్నాను. నేను తుడిచిన తడి మీద పాంతెలిస్‌గారు అడుగు వేశాడు, ఆ అడుక్కింద పెరుగుంది.

ఆ మనిషి వెనక్కి పడుతుంటే నేను నేనుగా లేను. తుడుపుకర్ర వదిలేసి రెండు చంకల కిందా చేతులేసి పట్టుకున్నాను, చేపలా జారిపోతుంటే మోకాలు అడ్డం పెట్టాను, నా ఏప్రను ఊడదీసి ఆయన నడుముకి చుట్టాను, చుడుతూ అరిచాను. విషు, మోరె, విషు అని అరిచాను. గుడ్డ కప్పుకో, సిగ్గులేని మొహమా, ఈ చలికి బిగుసుకుని చస్తావు, రేపు నీ పెళ్ళాం వచ్చి నన్ను తిడుతుంది అని, మా అమ్మ మా నాన్నని ఎలా తిట్టేదో అచ్చం అలాగే, నా భాషలో, గొంతెత్తి. బీరువాలోంచి నిజం కిసుక్కున నవ్వింది. అన్నేళ్ళలో మొదటిసారి గ్రీకువాళ్ళ ముందు నా నోట్లోంచి నా మాట వచ్చింది. వీధిలో నా కూతురు చిన్నప్పుడు అమ్మా అని మా భాషలో పిలిస్తే చెయ్యి గిల్లి గ్రీకులో పిలవమనేదాన్ని, ఆ గిల్లుడు మచ్చ దాని మోచేతి మీద కాదు నా కడుపులో ఉంది. ఫివోస్ మాత్రం పరవశించిపోయి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "అద్భుతం! ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. "పక్కింటివాళ్ళ దగ్గర," అన్నాను. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "బాగుంది, కానీ నమ్మేలా లేదు. అల్బేనియా వాళ్ళు అంత మెత్తగా తిట్టరు. రాళ్ళు విసిరినట్టుండాలి. మళ్ళీ చేద్దాం." మళ్ళీ చేశాం. పదకొండుసార్లు. పదకొండుసార్లు నా భాషని నేనే రాళ్ళు కలిపి మాట్లాడాను, ప్రతిసారీ కాస్త నయమన్నాడు, ఉచ్చారణ ఇంకా కుదరడం లేదన్నాడు. చివరికి విసుగొచ్చి, అసలు ఈ సినిమాలో ఎవరూ ఎవరికీ సాయం చెయ్యరు కదా, ఈ ముక్క తీసెయ్యాలేమో అని తనలో తాను అనుకుంటూ వెళ్ళిపోయాడు. తీసేశాడో ఉంచాడో నాకెవరూ చెప్పలేదు. పది నెలలుగా ఆ సందేహాన్ని చంకన పెట్టుకుని తిరుగుతున్నాను.

తెర మీద గోడగడియారం నాలుగు కొట్టింది. స్కెందర్ చెయ్యి నా చేతి మీదికి వచ్చింది. అమ్మగారు వినికిడి మిషను కట్టేసి ఉంటే బాగుండు, బంధువులు మాట్లాడుతుంటే కట్టేస్తారు, పాదిరీగారి ఉపన్యాసంలో కట్టేస్తారు, ఈ పీడకల మొదలై గంట దాటింది, ఈపాటికి కట్టేసే ఉంటారు, దేవుడా, ఏ దేవుడివైనా సరే. పెరుగు పూస్తున్నారు. "నా సోఫా!" అని అమ్మగారు మొదటిసారి నోరు తెరిచారు, వెనక వరస దాకా వినిపించింది. "మరక పోయింది కదమ్మా, వెనిగరుతో తీసేశాను," అని నేను ఊదాను. "నిమ్మకాయతో తీయాలి," అన్నారు. వినపడుతోందన్నమాట. గుమ్మంలోకి తెర అంత ఆడమనిషి వచ్చింది, తుడుపుకర్రతో. దేవుడా, నా నడుము ఇంతుందా. నా చెప్పులు అంత చప్పుడు చేస్తాయా. ఆమె నేలే చూస్తోంది, ఇటు తుడిచింది, అటు తుడిచింది, ఒక ముసలి పాదం తడి మీద పడింది. పట్టుకుంది. పదకొండింట్లో ఏదీ కాదు, మొట్టమొదటిదే, రాళ్ళు లేనిది. ఆ గొంతు హాలంతా నిండిపోయింది. మా అమ్మ గొంతు. కింద తెల్లటి అక్షరాలు పడ్డాయి: 'ఏదో పరాయి భాషలో'. అంతే రాశారు. గంటసేపు బిగబట్టిన హాలు ఒక్కసారిగా నవ్వింది, ఎగతాళి నవ్వు కాదు, ఎవరో కిటికీ తెరిచినప్పటి నవ్వు, కొందరు చప్పట్లు కొట్టారు, లాంబ్రిని నా కుర్చీ వీపు మీద రెండు చేతులా దరువేసింది. "అయిపోయాం," అన్నాడు స్కెందర్, మా భాషలో. కుడివైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. కర్ర మీద అమ్మగారి వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. కదలడం లేదు.

మిగిలిన సినిమా ఏమైందో నేను చూడలేదు. చూపు తెర మీదే ఉంది, నేను మాత్రం ఆ ఇంట్లో గది గది తిరుగుతున్నాను. తాళంచెవి రేపే ఇచ్చేయాలి. నీలం మాత్ర పొద్దున, తెల్లది భోజనం తరవాత, కొత్తగా వచ్చే పిల్లకి ఎవరు చెబుతారు? బాల్కనీలో బెగోనియాకి పై నుంచి నీళ్ళు పోస్తే చస్తుంది. ఆవిడ స్నానానికి వెళ్తే తలుపు అవతల నిలబడి మాట్లాడుతూ ఉండాలి, లేకపోతే భయపడతారు, కానీ భయమని చెప్పరు, చెప్పకపోయినా మనం కనిపెట్టాలి. అబద్ధాలకోరు ఎక్కడైనా ఇన్ని కనిపెడుతుందా? నన్ను చూసి మోసపోయానని ఏడిస్తే చూడగలను గానీ, మర్యాదగా "మంచిది, దిమిత్రా" అని తల తిప్పుకుంటే మాత్రం తట్టుకోలేను. తెర మీద తండ్రి కుర్చీ ఖాళీగా ఊగుతోంది, తూకం ముల్లు సున్నా మీద నిలిచింది, అయిపోయింది. పేర్లు పైకి పాకుతున్నాయి. పెరుగు పంపిన డెయిరీకి పైన, తూకం అద్దెకిచ్చిన కసాయికి కింద దిమిత్రా అని పడింది. ఎవరో తెలిసినావిడ పేరు చూసినట్టు చూశాను.

దీపాలు వెలిగాయి. ఫివోస్ వేదిక మీదికి వచ్చాడు, నల్లచొక్కా, నిద్రలేని కళ్ళు, నిజంగానే భయపడుతున్నాడు పాపం, జనం నవ్వింది మెచ్చుకునో వెక్కిరించో ఇంకా తేల్చుకోలేకపోతున్నాడు. ముందువరసలో ఒక యూనివర్సిటీ అమ్మాయి మైకు తీసుకుని, ఈ సినిమాలో ఇన్ని రకాల మనుషులున్నారు, కానీ ఒక్క ఆ పనిమనిషే తన భాషలో మాట్లాడింది, ఆమె ఏమన్నదో కింద ఎందుకు వెయ్యలేదు అని అడిగింది. మంచి ప్రశ్న. నేను కుర్చీలో ఇంకా కిందికి జారాను. ఫివోస్ కళ్ళు మూసుకున్నాడు. "అది మాట కాదు. మాట పుట్టకముందు అరుపు. అట్టడుగున ఉన్న పరాయి మనిషి గుండెకోత. దాన్ని అనువదించడమంటే గాయపరచడమే," అన్నాడు. పాంతెలిస్‌గారు పెద్దగా తలూపాడు. అప్పుడు నా పక్కన కర్ర నేలకి తగిలిన చప్పుడు. అమ్మగారు లేచి నిలబడ్డారు. బొచ్చుకోటు సర్దుకున్నారు, మైకు అక్కర్లేదని చేత్తో తోసేశారు.

"గాయమూ లేదు, గడ్డీ లేదు, అబ్బాయ్. గుడ్డ కప్పుకో, సిగ్గులేని మొహమా, చలికి చస్తావు, నీ పెళ్ళాం నన్ను తిడుతుంది అంటోంది. మా నాయనమ్మ మా తాతని రోజూ అనే మాటే. ఇందులో అరవడమేముంది, బుద్ధి చెప్పడముంది."

హాలు పైకప్పు లేచిపోయింది. సినిమాలో మిగిలిపోయిన నవ్వంతా అప్పుడొచ్చింది, స్తమాతిస్ చక్రాల కుర్చీ చేతుల మీద కొట్టుకుంటూ నవ్వాడు, లాంబ్రిని ఏడ్చేసింది. "మీరు... మీరు ఎవరండీ?" అన్నాడు ఫివోస్. "ఆ సోఫా యజమానురాలిని," అని చెప్పి, అమ్మగారు నా మోచెయ్యి పట్టుకుని లేవదీశారు. "పద. ఇక్కడ గాలి ఆడడం లేదు."

బయట ఎండ కళ్ళలో పొడిచింది. పేవ్‌మెంటు మీద నారింజచెట్టు కింద నిలబడ్డాం, మా వెనకాల స్కెందర్ తేలు కుట్టిన దొంగలా టోపీ చేత్తో తిప్పుకుంటున్నాడు. అమ్మగారు నావైపు చూడకుండా రోడ్డుకేసి చూస్తూ అడిగారు.

"ఊరేది?"

"ఎల్బసాన్, అమ్మగారూ."

"పేరు?"

"ద్రితా."

"ద్రితా," అని నాలుక మీద వేసుకుని రుచి చూసినట్టు అన్నారు. "మా ఇంట్లో వెలుతురుని అలాగే అనేవాళ్ళు. దీపం ముట్టించమనడానికి."

"అమ్మగారూ, స్మిర్నాలో..."

"స్మిర్నా ఏమిటి నా మొహం! స్పాటా. ఏథెన్సుకి పక్కనే. ఊరంతా ఆ భాషే, ఎన్నో వందల ఏళ్ళ కిందట మీ వైపు నుంచి వచ్చి గ్రీసులో స్థిరపడ్డ అర్వనీతులం. బళ్ళో ఆ మాట పలికితే మాస్టారు బెత్తం విరిగేదాకా కొట్టేవాడు. నోటరీ సంబంధం వచ్చాక మా అమ్మ మమ్మల్ని రాత్రికి రాత్రి స్మిర్నా వాళ్ళని చేసింది."

"మరి పియానో?"

"పియానో లేదు. గాడిద. పాలడబ్బాలు మోసే గాడిద. అది కూడా సముద్రంలో పడలేదు, ముసలిదై చచ్చింది." ఆవిడ ముఖం గంభీరంగానే ఉంది, ముత్యాలు మాత్రం కదులుతున్నాయి, లోపల నవ్వుతున్నారని అప్పుడర్థమైంది. "ఇరవై ఎనిమిది నైటీలే పిల్లా! ఆ దేవుడికి నువ్వేమీ కావు కదా!"

"అన్నీ దాచాను, అమ్మగారూ. తిరిగి..."

"నోరుముయ్. తొడుక్కో."

ఇక ఆవిడకి పూనకం వచ్చినట్టయింది. డెబ్బై ఏళ్ళుగా నోట్లోంచి రాని మాటలు ఒక్కొక్కటే ఏరి తీస్తున్నారు. బూక అన్నారు, రొట్టె కదా? అవునన్నాను. ఊయ, నీళ్ళు? అవును. ఏయా, ఇలా రా? అవును, అవును. స్కెందర్ వెనక నుంచి తనూ తలూపుతున్నాడు, పరీక్షలో కూతురి మార్కులు విన్నట్టు. ఒక బూతు అన్నారు, స్కెందర్ తల వంచుకున్నాడు. తరవాత ఆగారు. నాయనమ్మ సాయంత్రాలు తనకి జడ వేసి, వేయడం అయిపోయాక నెత్తి మీద తట్టి ఒక మాట అనేదట. ఆ మాట అన్నారు. గొంతులో చిన్న గులకరాయి దొర్లినట్టుంది. నాకు తెలియలేదు. మళ్ళీ అన్నారు. స్కెందర్‌కీ తెలియలేదు. బూతేమో అన్నాను. బూతైతే గుర్తుండేది అన్నారు. ఆవిడ కళ్ళలో మొదటిసారి బెంగ చూశాను, అంత చిన్నపిల్ల బెంగ. ఏం చెయ్యాలో తోచక, ఎల్బసాన్‌లో ఉన్న మా అమ్మకి ఫోను కలిపాను, ఆవిడకి ఎనభై ఆరు, ఆవిడకీ చెవులు సరిగ్గా వినపడవు. స్పీకరు పెట్టి అమ్మగారి నోటి దగ్గర పట్టుకున్నాను. అమ్మగారు ఆ మాట అన్నారు. అమ్మ ఏమిటీ అంది. ఇంకా గట్టిగా అన్నారు. అమ్మ తను విన్నది తిరిగి చెప్పింది, అది వేరే మాట, దానికి అమ్మగారు కాదు కాదు అని ఇంకొకటి చెప్పారు, అమ్మ ఎవరి జడ అని అడిగింది, ఎంత పొడుగు అని అడిగింది, అమ్మగారు నడుము దాటి అని చేత్తో చూపించారు, ఫోనుకి. దారినపోయేవాళ్ళు తిరిగి చూస్తున్నారు. ఆ మాటకి అర్థం మా అమ్మకీ తెలియదని నాకు మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది, వాళ్ళకింకా తెలియలేదు. ఇద్దరూ అరుచుకుంటూనే ఉన్నారు, ఇప్పుడు పాలు కాచడం గురించి. నా చెయ్యి లాగుతోంటే ఫోను రెండో చేతికి మార్చుకున్నాను.